శ్రీ బి. టీల్ గారి పదవీ విరమణ

"టైరు సంగతి ఏం చేశావయ్యా?" అని హైదరాబాదు నుంచి డైరెక్టరు గారు ఫోనులో అరిచేసరికి సూపరింటెండెంటు మట్టపర్తి నూకరాజు నిలుచున్నచోటే గాలి తీసినట్టయ్యాడు.

"వెనక టైరు పేలిపోయిందండి. ముందుది అరిగిపోయిందండి. స్టెప్నీ ఒకటుండాలండి, దాన్ని మన అటెండరు కాసులు ఇంటికాడ గేదెకి కుడితి తొట్టి కింద కోయించేసేడండి."

"ఎవరి టైరయ్యా?"

"మన జీపుదేనండి."

"జీపు గొడవ నాకెందుకయ్యా! రిటైరు! టీల్ గారి రిటైరు! ఫైలు మీద సంతకం పెట్టాను. నెలాఖరున ఆయన పదవీ విరమణ. సన్మానం ఘనంగా జరగవలెను. సభకు నేనే విచ్చేయుచున్నాను."

నూకరాజు ఫోను పెట్టేసి, కాకినాడలోని తేలిక రవాణా శాఖ జిల్లా కార్యాలయం నడిబొడ్డున నిలబడి, చేరిన నాటినుంచి ఎన్నడూ చెయ్యని పని ఒకటి చేశాడు. అందరికీ తన ఖర్చుతో టీ చెప్పాడు.

"ఏటి సంగతండి? ఎవరైనా పోయేరా?" అన్నాడు కాసులు అనుమానంగా.

"పోతన్నాడ్రా. టీల్ గారు పోతన్నారు. ఆ కుర్చీ ఖాళీ అయిపోతంది."

"అది ఎప్పుడూ ఖాళీయే కదండి," అన్నాడు కాసులు.

ఇక్కడ ఆగి, టీల్ గారంటే ఎవరో చెప్పాలి. ఆయన ఒక విమానం.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఇంగ్లండులో బ్రాడ్‌మీడ్ అనే కంపెనీవారు, బాంబులు మోసింది చాలు, ఇక మనుషుల్ని మోద్దామనుకుని చిన్న విమానం ఒకటి తయారుచేశారు. రెండు ఇంజన్లు, ఐదుగురు ప్రయాణికులు. దానికి ఒక జాతి బాతు పేరు పెట్టి టీల్ అన్నారు. నమూనా ఎగిరింది. ప్రదర్శనలో పెడితే పెద్దమనుషులు టోపీలెత్తి మెచ్చుకున్నారు. తీరా చూస్తే దానికి బిగించిన ఇంజన్లు ప్రదర్శన కోసం ఇంకో కంపెనీ దగ్గర అడిగి తెచ్చినవి. ప్రదర్శన కాగానే వాళ్ల ఇంజన్లు వాళ్లు ఊడదీసుకుపోయారు. కొత్త ఇంజన్లు చేసిచ్చే నాథుడు దొరకలేదు. దాంతో బాతు కాస్తా బాతాఖానీ అయింది. రెండో టీల్ పుట్టలేదు, మొదటి టీల్ తుక్కులోకి పోయింది.

అయితే ఈలోపలే, గోదావరి వరదల్లో లంకల్లో చిక్కుకున్నవాళ్లకు మందులు అందించడానికి ఇదెంతో బాగుంటుందని మద్రాసు సర్కారులో ఎవరో ఒక టీల్‌కు ఆర్డరిచ్చేశారు. దాని కోసం ఒక శాఖ తెరిచారు. తెరిచాక తెలిసింది, విమానాన్ని చూపించుకోవడానికి శాఖలో పద్దే లేదని. ఉన్నదల్లా సహాయ రవాణా అధికారి అనే ఖాళీ పోస్టు ఒకటి. మన ఆఫీసుల్లో ఖాళీ పోస్టంటే ఖాళీ గిన్నె. అందులో పప్పయినా పోయొచ్చు, పాయసమైనా పోయొచ్చు. వంటవాణ్ని డ్రైవరు పోస్టులోనూ, డ్రైవర్ని గుమాస్తా పోస్టులోనూ సర్దిన చేతులకు విమానాన్ని అధికారి పోస్టులో సర్దడం ఒక బరువా? పైగా తేలిక విమానమాయె! "తదుపరి ఉత్తర్వులు వచ్చువరకు సదరు ఖాళీ యెదుట శ్రీ బి. టీల్ తాత్కాలికముగా సర్దుబాటు చేయబడినారు" అని రాసి పడేశారు.

తదుపరి ఉత్తర్వులు రాలేదు. విమానమూ రాలేదు. సర్దుబాటు మాత్రం సిమెంటులా గట్టిపడిపోయింది.

పోస్టులో ఉన్నాక ఇంక్రిమెంటు ఇవ్వాలి. ఆపాలంటే కారణం రాయాలి. కారణం రాయడంకన్నా ఇంక్రిమెంటు ఇవ్వడం సులువు. ఆంధ్ర రాష్ట్రం విడిపడినప్పుడు, మద్రాసులో ఉంటారా, ఆంధ్రకు వస్తారా అని అందరినీ అడిగారు. టీల్ గారు జవాబివ్వలేదు. జవాబివ్వనివారు ఆంధ్రకు వచ్చినట్టేనన్నారు. ఆ విధంగా ఇంగ్లీషు బాతు ఆంధ్రుల బాతయింది. ఒకసారి ఎవరో కొత్తగా వచ్చిన ఆఫీసరు, ఈ టీల్ ఎవడు, ఎన్నడూ కనపడడేమని గైర్హాజరీ కింద మెమో జారీచేశాడు. విచారణాధికారి వచ్చి, టీల్ గారి గదిలో కూర్చుని, కొబ్బరి బోండాం తాగి, తీర్పు రాశాడు: "సదరు అధికారి ఇంగ్లండులో బయలుదేరినట్లు దాఖలా లేదు. బయలుదేరనట్లు కూడా దాఖలా లేదు. కావున వారు దారిలో ఉన్నట్లు పరిగణించడమైనది." మెమో ఇచ్చిన ఆఫీసరును మాత్రం అనవసరంగా సాటి అధికారిని అవమానించినందుకు అడవుల్లోకి బదిలీ చేశారు. విమానాన్ని కదిపినవాడికి అవమానం తప్పదని అప్పటినుంచి అందరికీ అర్థమైంది.

అలా ఎగరకుండానే ఎదిగిన ఏకైక అధికారి టీల్ గారు. లంచం ముట్టింది లేదు. ఒకరితో మాటపట్టింపు లేదు. ఏటేటా ఆయన ప్రవర్తన మీద "ఉత్తమం" అని పడేది. నూకరాజు ప్రవర్తన మీద "పరవాలేదు" అని పడేది.

నూకరాజు బాధంతా ఇక్కడే ఉంది. టైపిస్టుగా చేరి, నెత్తిన జుట్టు రాలేకొద్దీ హోదా పెరిగి సూపరింటెండెంటయ్యాడు. ఆపైన జిల్లాలో ఉన్నది ఒకటే మెట్టు. దానిమీద టీల్ గారు రెక్కలు చాపుకుని ఉన్నారు. ఆయన గదిలో ఆయన కుర్చీ ఉంది. ఆ కుర్చీకి తెల్లటి తువ్వాలు ఉంది. మన దేశంలో ఆఫీసరుకీ ఆఫీసరు కానివాడికీ తేడా చదువులో లేదు, తువ్వాలులో ఉంది. ప్రతి సోమవారం కాసులు ఆ తువ్వాలు మార్చేవాడు. ఎవరూ ఆనుకోని తువ్వాలు ఎందుకు మాస్తుందని ఎవరూ అడగలేదు. నూకరాజు కుర్చీకి ఉన్నది మేకు. అది ఎవరు ఆనుకున్నా చొక్కాకు చిల్లు పెట్టేది.

వచ్చే ఏడాది తనూ రిటైరవుతాడు. ఈలోగా ఒక్క రోజు, ఒక్క పూట, ఆ తువ్వాలుకు వీపు ఆనించి, గంట కొట్టి కాసుల్ని పిలిచి, ఏమీ చెప్పకుండా పంపేయాలని నూకరాజు జీవితాశయం.

ఆశయానికి ఇంట్లో సెగ తగులుతూనే ఉండేది.

"మా చెల్లెలి మొగుడు ఫిషరీసులో ఆఫీసరయ్యేడంట," అనేది భార్య మాణిక్యం, కూర వడ్డిస్తూ. "చేపల్ని చూసుకునే ఆయన ఆఫీసరు, విమానాన్ని చూసుకునే మీరు గుమాస్తానా?"

"గుమాస్తా ఏటే? సూపరింటెండెంటుని."

"ఏ డెంటు అయితే ఏటండి, పళ్లూడే వయసొచ్చేసింది. ఆయనకి చేపలున్నాయి, మీకు విమానం కూడా లేదు."

"లేకపోయినా నాకు సీనియరే!"

"అదే కదా నేనంటన్నది. లేనోడి కింద ఉన్నోడు మీరొక్కరే."

ఆ మాట గుచ్చుకుని నూకరాజు పోయిన నెల తన బుర్రకు రెక్కలు కట్టాడు. విమానాన్ని శాఖలోంచి తీసెయ్యమంటే పాత సర్దుబాటు బయటపడుతుంది. ఏ డైరెక్టరూ ఒప్పుకోడు. కానీ ఉద్యోగిని రిటైరు చెయ్యమంటే ఎవరు కాదంటారు? టీల్ గారికి పుట్టినతేదీ లేదు. లేనప్పుడు వైద్యాధికారి వయసు నిర్ణయించాలి. నూకరాజు, టీల్ గారి గదిలో గోడకున్న విమానం ఫొటో చంకన పెట్టుకుని సివిల్ సర్జను తోలేటి గారి దగ్గరికి వెళ్లాడు.

సర్జను గారు ఫొటోను వెలుతురుకు పెట్టి చూశారు. "మనిషిని తీసుకురావచ్చు కదయ్యా?"

"దారిలో ఉన్నారండి."

"ఛాతీ బాగుంది. చేతులే బాగా సాగాయి. ముక్కు దగ్గర ఏదో తిరుగుతున్నట్టుందేం?"

"పంకా అండి. ఉక్కకి ఓర్చుకోలేరు, ఇంగ్లండాయన కదండి."

"వయసెంతని రాయమంటావు?"

"లెక్క తేలికేనండి. తేలిక రవాణా శాఖ కదండి మాది. ఆయన నలభై ఎనిమిదిలో ఉజ్జోగంలో చేరేరండి. పద్దెనిమిది నిండకుండా చేర్చుకున్నారంటే, పసిపిల్లోడి చేత పని చేయించేరని శాఖ మీద కేసయిపోద్దండి. అంచేత అప్పటికి పద్దెనిమిది నిండినట్టే గదండి. ఆ లెక్కన ఇప్పటికి రిటైరు వయసొచ్చేసినట్టేనండి."

సర్జను గారు ఆలోచించారు. తప్పు ఎక్కడుందో దొరకలేదు. "అవునయ్యా, ముఖంలో కూడా ఆ వయసు కనిపిస్తూనే ఉంది. రిటైరు కావలసినవాడే," అని సంతకం పెట్టారు. ఆ కాగితం హైదరాబాదు వెళ్లింది. వెళ్లిన ఫలితమే టైరు ఫోను.

సన్మాన సంఘం మర్నాడే సమావేశమైంది. ఉద్యోగుల సంఘం కార్యదర్శి పేరూరి భద్రం అధ్యక్షుడు. మైకు లేకపోయినా మైకులో మాట్లాడినట్టే మాట్లాడడం ఆయన పద్ధతి. శాలువా, సన్నాయి, సన్మానపత్రం, పులిహోర, అన్నీ చకచకా తేలిపోయాయి. బండి పూలదండ దగ్గర ఆగింది.

"మనిషి రాడు కాబట్టి కుర్చీలో ఫొటో పెట్టి ఫొటోకి దండేద్దాం," అన్నాడు నూకరాజు.

"ఫొటోకి దండేస్తే పోయినట్టండి!" అన్నాడు కాసులు.

"పోలేదని అందరికీ తెలుసు కదరా."

"రాలేదని కూడా అందరికీ తెలుసండి. రాకుండా పోతే మరీ పాపమండి."

"బతికున్న అధికారి ఫొటోకి దండ వేయడాన్ని మా సంఘం తీవ్రంగా ఖండిస్తుంది!" అని భద్రం బల్ల గుద్దాడు. "ఇయ్యాళ టీల్ గారి ఫొటోకి వేస్తారు, రేపు నా ఫొటోకి వేస్తారు!"

చివరికి రాజీ కుదిరింది. దండ ఫొటోను తాకరాదు. ఫొటోకు జానెడు దూరంలో, సభ అయ్యేదాకా ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకుని గాలిలో ఆపాలి. గాలిలో ఉండేవాడికి గాలిలో దండే మర్యాద అన్నాడు భద్రం. ఆ ఇద్దరు మనుషులుగా నూకరాజునూ కాసుల్నీ ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు.

నెలాఖరు వచ్చింది. అద్దెకు తీసుకున్న కల్యాణమండపం నిండిపోయింది. ఊళ్లోవాళ్లకు టీల్ గారెవరో తెలియదు. పులిహోర ఎవరో తెలుసు. మాణిక్యం పట్టుచీర కట్టుకుని, పక్కింటివాళ్లనీ ఎదురింటివాళ్లనీ వెంటేసుకుని ముందు వరసలో కూర్చుంది. రేపు పొద్దున మా ఆయన ఆఫీసరని చెప్పడం అప్పటికే అయిపోయింది.

వేదిక మీద కుర్చీలో ఫొటో. ఫొటో ముందు గాలిలో దండ. ఒక కొస నూకరాజు, రెండో కొస కాసులు. చేతులు లాగుతున్నా నూకరాజు మనసు తేలిపోతూ ఉంది.

డైరెక్టరు నిడమర్తి విశ్వపతి గారు లేచారు. ఆయన నిఘంటువును మింగి అరగక బాధపడుతున్నట్టు మాట్లాడతారు.

"సభాసదులారా! శ్రీ టీల్ గారు మితభాషి. వారి నోట ఒక్క పరుష వాక్యము వెలువడినట్లు దాఖలా లేదు. వారు ఒక్క దినమైనను సెలవు కోరలేదు. ప్రయాణ భత్యము కోరలేదు. రవాణా శాఖలో ఉండియు శాఖ వాహనమును స్వంత పనికి వాడని మహనీయులు వారొక్కరే. కొందరు ప్రతిదినము కార్యాలయమునకు వచ్చియు చేయలేని సేవ, వారు రాకుండా చేసినారు!"

చప్పట్లు. "కొందరు" అన్నప్పుడు ఆయన చూపు దండ కొస మీద పడిందని నూకరాజుకు అనిపించింది. పంటి బిగువున ఓర్చుకున్నాడు. ఇంకొక్క గంట.

అప్పుడు భద్రం మైకు లాక్కున్నాడు. ఇప్పుడు నిజం మైకు దొరికింది గనక గోడలు అదిరాయి.

"ఇలాంటి నిప్పులాంటి అధికారిని ఇంటికి పంపేస్తారా? నేను అడుగుతున్నాను! ఒంట్లో నలత ఉందా ఆయనకి? లేదు! చత్వారం వచ్చిందా? లేదు! ఆయనకి రెండేళ్లు పొడిగింపు ఇచ్చి తీరాలి! ఇవ్వకపోతే కార్మికలోకం కన్నెర్ర చేస్తుంది!"

జనం ఈలలు వేశారు. ఎవరికి పొడిగింపో తెలియకపోయినా, ఇవ్వమంటే తప్పేముందని పులిహోర వరస అంతా "ఇవ్వాలి, ఇవ్వాలి" అంది.

డైరెక్టరు గారు చెయ్యెత్తి శాంతింపజేశారు. "ప్రజాభీష్టమును మన్నించుచున్నాము. రెండు సంవత్సరముల పొడిగింపు విషయము సానుకూలముగా..."

రెండేళ్లు! అప్పటికి నూకరాజు రిటైరయి, ఇంట్లో మాణిక్యం ఎదుట గోడకు ఆనుకుని కూర్చునుంటాడు. ఆ గోడకు తువ్వాలు ఉండదు.

నూకరాజు చేతిలోంచి దండ జారింది. జారినది జారినట్టుండక సూటిగా పోయి ఫొటో మెడలో పడింది. ఆడవాళ్లు "అయ్యయ్యో" అన్నారు. సన్నాయి ఆయన కంగారుపడి విషాదరాగం అందుకున్నాడు.

"ఆపండి!" అని నూకరాజు మైకు ముందుకు దూకాడు. "అందరూ వినండి బాబూ! ఈ టీల్ గారు మనిషి కాదు! విమానం!"

మండపం చెవులు రిక్కించింది.

"విమానమండి! రెండు ఇంజన్లది! అవి కూడా దాని సొంతం కాదు, ఎవరివో! ఇంగ్లండులో ఒక్కటంటే ఒక్కటి చేసి తుక్కు చేసేసేరు. మనకి పంపలేదు. ఆరోజు పద్దు లేదని పోస్టులో సర్దేరు. సర్దినోళ్లు సద్దు చెయ్యకుండా ఎల్లిపోయేరు. ఇంతకాలం ఆఫీసరు, ఆఫీసరు అని నేను దండం పెట్టింది ఒక ఫొటోకండి! ముక్కు మీద తిరిగేది పంకా కూడా కాదండి! విమానానికి ఎక్స్‌టెన్షనేటండి? దాన్ని పంపించెయ్యండి బాబూ, నన్ను ఒక్కరోజైనా కూకోనివ్వండి!"

ముందు వరసలో మాణిక్యం మొదటిసారి వేళాకోళం లేని కళ్లతో మొగుడివైపు చూసింది.

సివిల్ సర్జను గారు నెమ్మదిగా తలుపువైపు జరిగారు. ఎవరో ముసలమ్మ, "ఇంతకీ ఆ బాబు రాడా?" అంది.

డైరెక్టరు గారు పక్కనున్న అకౌంట్స్ అధికారి చెవిలో గుసగుసలాడారు. ఆయన తిరిగి గుసగుసలాడాడు. గుసగుసలు రుసరుసలై, రుసరుసలు చివరికి చిరునవ్వులయ్యాయి. డైరెక్టరు గారు మైకు సవరించుకున్నారు.

"శ్రీ నూకరాజు సత్యము పలికినారు. ఇంతకాలము శాఖ ఒక యంత్రమును మనిషిగా భ్రమించినది. ఇందుమూలముగా సదరు భ్రమ రద్దు చేయడమైనది."

చప్పట్లు మోగాయి. నూకరాజు కళ్లు తుడుచుకున్నాడు.

"కావున," అన్నారు డైరెక్టరు గారు, "పదవీ విరమణ కూడ రద్దు చేయడమైనది."

"ఏటండీ?"

"వయోపరిమితి మనుష్యులకే గాని యంత్రములకు లేదు. యంత్రమును తొలగించవలెనన్నచో అది పనికిరాదని తేల్చవలెను. తేల్చుటకు పరీక్షింపవలెను. పరీక్షించుటకు అది ఎదుట ఉండవలెను. కావున అది వచ్చువరకు అదే పోస్టులో కొనసాగును."

"అది రాదండీ! ఎప్పటికీ రాదండీ!"

"తొందరపడకుము. మరియొక విషయము. యంత్రమైనచో అది శాఖ సామాను. కుర్చీలు, బల్లలు, జీపు వగైరా సామానుకు బాధ్యుడు సూపరింటెండెంటు. సామాను మొత్తము అప్పజెప్పనిదే సూపరింటెండెంటును రిటైరు చేయుటకు వీలు లేదు."

"లేని విమానాన్ని ఎలాగ అప్పజెప్పనండీ?"

"లేదని మీరెట్లు అనగలరు? ఇంతవరకు అది విమానమని మాకెవ్వరికీ తెలియదు. ఇంతమంది ఎదుట మైకులో, విమానమని మీరే కదా ఒప్పుకొన్నారు!"

నూకరాజు వెనక్కి వచ్చి మళ్లీ దండ కొస పట్టుకోబోయాడు.

అందరికంటే ముందు తేరుకున్నది భద్రం. "సోదరులారా! రిటైర్మెంటే లేని మొట్టమొదటి ఉద్యోగి మన నూకరాజు గారు! జీవితకాలం పొడిగింపు! ఇది మన సంఘం సాధించిన విజయం!" అని కేక పెట్టి, టీల్ గారి శాలువా తీసి నూకరాజు భుజాల మీద కప్పేశాడు. సన్నాయి ఆయన రాగం మార్చి పెళ్లి పాట అందుకున్నాడు. పులిహోర వడ్డన మొదలైంది. ఫొటో మెడలోని దండ తీయాలా వద్దా అని కాసులు డైరెక్టరు గారిని అడిగితే, సామాను కాబట్టి ఆయుధపూజకు వేసినట్టు జమకట్టమన్నారు.

ముందు వరసలో ఆడవాళ్లకు సగం అర్థమైంది, సగం కాలేదు. విమానం సంగతేమిటో, సర్దుబాటు సంగతేమిటో, మొగుడు మైకులో అరిచిందేమిటో మాణిక్యం ఓపిగ్గా మొదటినుంచి విప్పి చెప్పింది. అంతా విని పక్కింటావిడ బుగ్గన చెయ్యి పెట్టుకుని అడిగింది:

"అయితే వదినా, అన్నయ్యగారికి ఆఫీసరు పోస్టు ఇచ్చినట్టా, ఇవ్వనట్టా?"

మాణిక్యం శాలువాలో ముడుచుకుని వేదిక మెట్లు దిగుతున్న మొగుణ్ని చూసింది. ఆ నడక చూసి ఆమెకు జాలేసింది. అందుకే నలుగురికీ వినపడేలా గట్టిగా చెప్పింది:

"ఇచ్చేరమ్మా. ఇంగ్లండులో బయల్దేరిందంట."